జె.జి. 11 శనగ

జె.జి. 11 దక్షిణ భారతదేశంలోని నల్లరేగడి నేలల్లో రబీలో వర్షాధారంగా పండే దేశవాళీ శనగ రకం. పూర్తి పేరు జవహర్ గ్రామ్ 11. సికింద్రాబాదుకు వాయవ్యంగా, ముంబయి రహదారి మీద పటాన్‌చెరులో ఉన్న అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధనా సంస్థ ఇక్రిశాట్, జబల్‌పూర్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ వ్యవసాయ విశ్వవిద్యాలయం కలిసి దీన్ని తయారు చేశాయి. ఇక్రిశాట్ రికార్డుల్లో దీని సంఖ్య ఐ.సి.సి.వి. 93954. 1999లో విడుదలైంది. పదేళ్ళు తిరిగేసరికి కర్నూలు, ప్రకాశం, అనంతపురం, కడప జిల్లాల్లో శనగ వేసిన పొలాల్లో చాలా భాగం ఈ రకానిదే అయింది. రైతులకు ఇది 'జేజీ లెవెన్'. బెట్టను తట్టుకునే రకాలు ప్రయోగశాలల్లో చాలానే పుట్టాయి; లక్షల ఎకరాల్లో నిలిచి రైతు చేతికి డబ్బు తెచ్చినవి కొద్ది. ఆ కొద్దిలో దీనిది ముందు వరస.

గోధుమ వచ్చింది, శనగ కదిలింది

బెట్టను తట్టుకునే పంట రకాల మీద ప్రపంచంలో వచ్చిన సాహిత్యంలో వసంత గోధుమకు పెద్ద వాటా ఉంది. కెనడా, కజకిస్తాన్ మైదానాల్లో చలి విరిగాక విత్తి వేసవి చివర కోసుకునే ఆ గోధుమ, మంచు కరిగి నేలలోకి దిగిన తేమ మీదా, నమ్మకం లేని వేసవి జల్లుల మీదా బతుకుతుంది. మన దేశంలో శీతకాలంలో వేసే గోధుమ కూడా వృక్షశాస్త్రం ప్రకారం ఆ తరగతిదే. పూతకు రావడానికి దానికి గడ్డకట్టే చలి అక్కర్లేదు. తెలుగు జిల్లాల్లో మాత్రం గోధుమ ఏనాడూ పెద్ద పంట కాలేకపోయింది. ఇక్కడి చలి కొద్ది వారాల ముచ్చట. నీటి వసతి లేని నల్లరేగడిలో, వాన వెళ్ళిపోయాక, మిగిలిన తేమతో పంట తీయాల్సి వచ్చినప్పుడు ఇక్కడి రైతు చూసేది జొన్న వైపు, శనగ వైపు.

గోధుమకూ శనగకూ మధ్య మరో లంకె ఉంది. 1960ల మధ్య వరకు శనగ ప్రధానంగా ఉత్తరాది పంట. పంజాబు, హర్యానా, ఉత్తరప్రదేశ్ ప్రాంతాల్లో సుమారు 50 లక్షల హెక్టార్లలో సాగయ్యేది. కాలువలు, గొట్టపు బావులు వచ్చి పొట్టి గోధుమలు పండటం మొదలయ్యాక శనగ ఆ పొలాలు ఖాళీ చేసింది. నలభై ఏళ్ళలో ఉత్తరాదిలో దాని విస్తీర్ణం 10 లక్షల హెక్టార్లకు దిగువకు పడిపోయింది. అదే కాలంలో మధ్య, దక్షిణ భారతాల్లో 20 లక్షల హెక్టార్ల నుంచి 50 లక్షలు దాటింది. పంట ఉత్తరాది నుంచి దక్షిణానికి నడిచి వచ్చిందన్నమాట. అలా వచ్చిన పంటకు ఇక్కడి వాతావరణంలో ఇమిడే ఒళ్ళు లేదు. హర్యానాలోని హిస్సారులో శనగకు 150 రోజులకు పైగా చల్లని కాలం దొరుకుతుంది. పటాన్‌చెరులో దొరికేది 90 నుంచి 110 రోజులు. ఉత్తరాది రకాన్ని తెచ్చి ఇక్కడ విత్తితే, అది తీరిగ్గా కొమ్మలు వేసుకుంటూ పూతకు వచ్చేసరికి ఫిబ్రవరి ఎండ నెత్తిన ఉంటుంది, కింద నేల నెర్రెలిచ్చి ఉంటుంది. జె.జి. 11 కథంతా ఈ 50 రోజుల తేడాను పూడ్చిన కథ.

నేలలో ఎంత నీరుంటుంది

నల్లరేగడి లోతు ఒకటిన్నర మీటర్లున్న చోట, బాగా తడిసిన నేల దాదాపు 200 మిల్లీమీటర్ల నీటిని వేళ్ళకు అందేలా పట్టి ఉంచగలదు. ఎకరానికి చూస్తే 8 లక్షల లీటర్లు. వినడానికి చాలా అనిపిస్తుంది. కానీ విత్తిన నాటి నుంచి కోత దాకా ఒక్క చినుకూ పడకపోవచ్చునని లెక్క వేసుకునే రైతుకు, ఆ నీరు నెలాఖరు దాకా సరిపెట్టుకోవలసిన జీతం లాంటిది.

రాయలసీమ, ప్రకాశం మెట్టల్లో పద్ధతి ఇలా ఉంటుంది. ఖరీఫ్‌లో చాలామంది ఆ నేలను ఖాళీగా ఉంచి, కలుపు మొలిచినప్పుడల్లా గుంటక తోలి, వాన నీరు లోపలికి దిగేలా చూస్తారు. అక్టోబరు రెండో పక్షం నుంచి నవంబరు మధ్య వరకు విత్తే కాలం. గొర్రు దించే ముందు పొలంలో జానెడు లోతున మట్టి తీసి పిడికిట్లో బిగించి చూస్తారు. ఉండ కట్టాలి, చేతికి అంటకూడదు. పైమట్టి ఆరిపోయి ఉంటే గింజను కాస్త లోతుకు దించి, వెంటనే పలక తోలి తేమను కప్పేస్తారు. సాళ్ళ మధ్య 30 సెంటీమీటర్లు, మొక్కల మధ్య 10. జె.జి. 11కు ఎకరానికి 25–30 కిలోల విత్తనం పడుతుంది.

ఆ తర్వాత నేల రోజూ కొంత నీటిని కోల్పోతూనే ఉంటుంది. మొదటి నెలలో మొక్క చిన్నది గనుక పైమట్టి నుంచి ఆవిరయ్యేదే ఎక్కువ. ఆకు కమ్ముకున్నాక మొక్క తాగేది పెరుగుతుంది. డిసెంబరు చివర్లో పూత, పిందె. జనవరి నెల నుంచి గాలిలో పొడి పెరుగుతుంది. కాయలో గింజ ఊరే సమయానికి పైన రెండడుగుల నేలలో తేమ దాదాపు అయిపోతుంది. శాస్త్రవేత్తలు చివరి దశ బెట్ట అని పిలిచేది దీన్నే. పంట మధ్యలో వచ్చి పోయే బెట్టకూ దీనికీ తేడా ఉంది. మధ్యలో వచ్చిన బెట్ట తర్వాత వాన పడితే మొక్క కోలుకుంటుంది. చివరి దశ బెట్ట మొదలైతే పంట ముగిసే దాకా పెరుగుతూ పోవడమే.

పుట్టుక

ఇక్రిశాట్ 1972లో పటాన్‌చెరులో ఏర్పడింది. స్థలం ఎంపికలో ఒక కారణం, ఆ ఆవరణలో ఎర్రనేల, నల్లరేగడి పక్కపక్కనే ఉండటం. శనగ, కంది, వేరుశనగ, జొన్న, సజ్జ దాని ప్రధాన పంటలు. శనగ మీద మొదటి నుంచీ రెండు చోట్ల పని జరిగింది: పొడుగు కాలపు రకాలకు హిస్సారు, పొట్టి కాలపు రకాలకు పటాన్‌చెరు.

దక్షిణాదిలో అప్పటిదాకా నమ్ముకున్న రకం అన్నిగేరి, కర్ణాటకలో ధార్వాడ ప్రాంతపు ఊరి పేరు మీద వచ్చినది. రుచికి, పప్పుకు మంచి పేరున్నా, ఎండు తెగులు పట్టిందంటే పొలానికి పొలం కూలిపోయేది. గింజ చిన్నది. 1980లలో ఇక్రిశాట్ ప్రజననకారుడు జగదీశ్ కుమార్ బృందం తొందరగా పూసే గుణం మీద దృష్టి పెట్టింది. ఆ పనిలోంచి 85 రోజులకే కోతకొచ్చే ఐ.సి.సి.వి. 2 అనే కాబూలీ రకం వచ్చి, 1989లో ఆంధ్రప్రదేశ్‌లో శ్వేత పేరుతో విడుదలైంది. కాబూలీ శనగ చల్లని, పొడుగు కాలపు ప్రాంతాల పంట అన్న నమ్మకాన్ని అది చెరిపేసింది. అదే ఏడు ఐ.సి.సి.సి. 37 అనే దేశవాళీ రకం క్రాంతి పేరుతో వచ్చింది. తెగులును తట్టుకునే శక్తి దాని సొత్తు.

జె.జి. 11 వంశవృక్షంలో ఆ క్రాంతి ఒక తల్లి. మహారాష్ట్రకు చెందిన ఫూలే జి-5కూ, మధ్యప్రదేశ్‌లో నర్సింగ్‌పూర్ ప్రాంతపు పెద్ద గింజ శనగకూ సంకరం చేసి, ఆ సంతతిని క్రాంతితో కలిపారు. గింజ పరిమాణం ఒకవైపు నుంచి, తెగులు నిరోధం మరోవైపు నుంచి, తొందరగా పండే గుణం అన్నివైపుల నుంచీ ఏరుకున్నారు. ఏరివేతలు పటాన్‌చెరులోని తెగులు మడిలో జరిగాయి. ఆ మడిలో ఎండు తెగులు శిలీంధ్రాన్ని ఏళ్ళ తరబడి కావాలనే పెంచి ఉంచుతారు. తట్టుకోలేని మొక్క నెల రోజుల్లో తల వాల్చేస్తుంది. మిగిలిన వాటినే ముందుకు తీసుకుపోతారు. శనగ స్వపరాగ సంపర్కపు పంట కాబట్టి, కొన్ని తరాల తర్వాత రకం గుణాలు స్థిరపడతాయి. రైతు తన పంటలోంచే విత్తనం ఉంచుకున్నా రకం మారదు. ఈ చివరి మాట చిన్నదిగా కనిపిస్తుంది గానీ, జె.జి. 11 ఊరూరా పాకడంలో దానికి పెద్ద పాత్ర ఉంది.

మొక్క, గింజ

మొక్క పొట్టిది, మోకాలి ఎత్తు దాటదు, కొంచెం పక్కలకు విచ్చుకుంటుంది. కొమ్మలు మొదలు దగ్గర నుంచే వస్తాయి. దేశవాళీ శనగలన్నిటిలాగే పూలు ఊదా గులాబీ రంగు. విత్తిన ఆరు వారాలకు పూత మొదలై, 95–100 రోజులకు కోతకొస్తుంది. గింజ లేత గోధుమ పసుపు రంగులో, కోణాలతో, ముక్కు తేలి ఉంటుంది. 100 గింజల బరువు 22–23 గ్రాములు. అన్నిగేరితో పోలిస్తే కంటికి కనిపించేంత పెద్దది. పప్పు మిల్లులో పొట్టు తక్కువ పోయి పప్పు ఎక్కువ రావడానికి ఈ లావు పనికొస్తుంది. సికింద్రాబాదు మోండా మార్కెట్ కిరాణా కొట్లో బస్తాలో ఉన్న శనగపప్పు, వీధి చివర మిర్చిబజ్జీ బండి మీద కలిపే శనగపిండి, శ్రావణ మాసపు వాయనంలో పెట్టే నానబెట్టిన శనగలు ఏ పొలంలోంచి వచ్చాయని కొనేవాళ్ళు అడగరు. అయినా ఆ గింజ పరిమాణం, రంగు మీదే యార్డులో ధర పలుకుతుంది. అందుకే బెట్టకు నిలిచే గుణం ఒక్కటే ఉన్న రకాలు చాలావరకు పరిశోధనా క్షేత్రం గేటు దాటలేదు.

డిసెంబరులో పొద్దున్నే శనగ చేలో నడిస్తే పంచె అంచు, కాళ్ళు తడుస్తాయి. ఆ తడి ఒట్టి మంచు కాదు. ఆకుల మీదా కాయల మీదా సన్నని నూగు వెంట్రుకలు మాలిక్, ఆక్సాలిక్ ఆమ్లాలను చెమరుస్తుంటాయి. మంచులో అవి కరుగుతాయి. ఒంటి మీద గీతలుంటే మండుతుంది. వెనకటి రోజుల్లో రాత్రి చేను మీద పలచని గుడ్డ పరిచి, తెల్లారి పిండి, ఆ పులుసును అజీర్తికి మందుగా దాచుకునేవారు. ఈ ఆమ్లం చిన్న పురుగులను కొంత దూరం పెడుతుంది. శనగపచ్చ పురుగును మాత్రం ఆపలేదు. అది కాయకు గుండ్రని కన్నం పెట్టి, తల లోపల, ఒళ్ళు బయట ఉంచి గింజ తింటుంది. జె.జి. 11కు ఈ పురుగు మీద ప్రత్యేక రక్షణేమీ లేదు. లింగాకర్షక బుట్టలు, పక్షులు వాలే కర్రలు, సమయానికి పిచికారీ ఇప్పటికీ తప్పనివే.

బెట్టను ఎలా దాటుతుంది

వాడుకలో బెట్టను తట్టుకోవడం అనేస్తాం గానీ అందులో రెండు మూడు వేర్వేరు విద్యలున్నాయి. జె.జి. 11కు ఉన్న మొదటి విద్య తప్పించుకోవడం. నీరు అయిపోయే లోపు పని ముగించడం. 40–45 రోజులకే పూత తీసి, చలి ఉండగానే కాయ పట్టి, ఫిబ్రవరి ఎండ ముదిరేలోగా గింజ నింపుకుంటుంది. శనగ సహజంగా ఆగకుండా పెరిగే మొక్క. తేమ ఉన్నంతకాలం కొసల్లో కొత్త పూలు తీస్తూనే ఉంటుంది. పొట్టి కాలపు రకంలో మొదటి విడత పూతే నమ్మకంగా కాయగా మారుతుంది. ఆలస్యంగా ఒక జల్లు పడితే రెండో విడత దక్కుతుంది, లేకపోతే మొదటిది ఎటూ పోదు. కరవు ప్రాంతపు రైతుకు కావలసింది ఈ భరోసాయే. పండిన ఏడు విరగబడి పండి, ఎండిన ఏడు గింజలు కూడా రాని రకం కంటే, ఏటా ఒక మోస్తరుగా పండే రకం మీద అప్పు తీర్చే లెక్క వేసుకోవచ్చు.

తప్పించుకోవడానికి ఒక ధర ఉంది. తొందరగా ముగిసే మొక్క, వానలు బాగా కురిసిన ఏడు ఆ అదనపు తేమను పూర్తిగా వాడుకోలేదు. అందుకే శాస్త్రవేత్తలు రెండో విద్య వైపు, అంటే వేళ్ళ వైపు వెళ్ళారు. ఇక్రిశాట్ శరీరధర్మ శాస్త్రవేత్త ఎన్.పి. సక్సేనా, సహచరులు 1980లలో ప్రపంచం నలుమూలల నుంచి తెచ్చిన అనేక శనగ నమూనాలను నీరు పెట్టకుండా పెంచి చూశారు. అందులో ఐ.సి.సి. 4958 అనే రకం ప్రత్యేకంగా నిలిచింది. దాని వేళ్ళ మొత్తం బరువు అన్నిగేరి వేళ్ళ కంటే సుమారు 30 శాతం ఎక్కువ. మొలిచిన మొదటి వారాల్లోనే వేరు గబగబా కిందికి దిగుతుంది. 1993లో దాన్ని బెట్టను తట్టుకునే మూల విత్తనంగా నమోదు చేశారు. ఆ తర్వాత రెండు దశాబ్దాల పాటు శనగ బెట్ట పరిశోధన చాలావరకు దాని చుట్టూనే తిరిగింది.

వేరును చూడటం తేలిక కాదు. నల్లరేగడిలో మొక్క పీకితే సన్న వేళ్ళన్నీ నేలలోనే తెగి మిగులుతాయి. జున్‌ఇచి కాషివాగి అనే జపాన్ శాస్త్రవేత్త పటాన్‌చెరులో మీటరుకు పైగా పొడవున్న ప్లాస్టిక్ గొట్టాల్లో మట్టి నింపి, వాటిలో శనగ పెంచి, నెల దాటాక గొట్టాన్ని కోసి, నీటి ధారతో మట్టిని మెల్లగా కడిగి, మిగిలిన వేరు పోగును కొలిచే పద్ధతిని విస్తృతంగా వాడారు. వేలాది నమూనాలకు ప్రతినిధిగా ఎంచిన 211 రకాల చిన్న సంపుటిలో వేళ్ళ లోతు, దట్టం ఎంతగా మారతాయో ఆ కొలతలు బయటపెట్టాయి.

ఆ తర్వాత వచ్చిన ఫలితం నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపిస్తుంది. విన్సెంట్ వదేజ్, మైనస్సారా జమాన్-అల్లా పటాన్‌చెరులో మరో రకం గొట్టాలు వాడారు. నేలలో బారుగా దించిన గొట్టాలవి. మొక్క అందులోనే విత్తనం నుంచి కోత దాకా పెరుగుతుంది. వారానికోసారి గొలుసు కప్పీతో గొట్టాన్ని పైకెత్తి తూకానికి వేలాడదీస్తారు. తగ్గిన బరువు ఆ వారం మొక్క తాగిన నీరు. పొలంలో బెట్టకు నిలిచిన రకాలనూ, నిలవని రకాలనూ ఇలా పక్కపక్కన తూచినప్పుడు, నిలిచినవి మొత్తం మీద ఎక్కువ నీరు తాగినట్టు తేలలేదు. తేడా ఎప్పుడు తాగాయన్నదాంట్లో ఉంది. నిలిచిన రకాలు పూతకు ముందు, నేలలో తేమ పుష్కలంగా ఉన్న రోజుల్లోనే, ఆకుల రంధ్రాలను కొంత బిగించి తక్కువ ఖర్చు చేశాయి. ఆకు విస్తీర్ణం కూడా మెల్లగా పెంచుకున్నాయి. అలా మిగిల్చిన నీటిని కాయ నిండే దశలో వాడుకున్నాయి. 2011లో వచ్చిన ఈ ఫలితాల సారాంశం: లోతైన, గుబురైన వేరు కంటే పొదుపైన నీటి వాడకమే చివరి దశ బెట్టలో శనగను కాపాడుతుంది. కాయ నిండేటప్పుడు దొరికే కొద్దిపాటి నీరు నేరుగా గింజగా మారుతుంది. అదే నీరు నవంబరులో తాగితే ఆకుగా మారేది.

వేరు మీద పెట్టిన శ్రమ వృథా కాలేదు. లోతు ఎక్కువున్న, అడుగున తేమ మిగిలే నేలల్లో పెద్ద వేరు పనికొస్తుంది. రెండడుగులకే సుద్ద తగిలే పలచని నేలలో, వేరు ఎంత పొడవున్నా కింద తాగడానికేమీ ఉండదు. ఒకే 'కరవు నిరోధక' రకాన్ని అన్ని నేలలకూ సిఫారసు చేసే ప్రకటనలను ఈ కారణంగానే అనుమానంగా చూడాలి.

అణుస్థాయి పని కూడా పటాన్‌చెరులోనే సాగింది. ఐ.సి.సి. 4958 బెట్ట గుణాల్లో చాలావరకు నాలుగో లింకేజీ సముదాయంలోని ఒక చిన్న ప్రాంతంలో గుమిగూడి ఉన్నట్టు రాజీవ్ వార్ష్‌నేయ్ బృందం గుర్తించింది. ఆ ముక్కను జె.జి. 11లోకి తేవడానికి రెండిటినీ సంకరం చేసి, సంతతిని మళ్ళీ మళ్ళీ జె.జి. 11తోనే కలుపుతూ, ప్రతి తరంలో జన్యు గుర్తుల సాయంతో ఆ ముక్క ఉన్న మొక్కలనే ఏరారు. 2013లో వెలువడిన ఫలితాల్లో కొన్ని వరసలు వర్షాధారంలోనూ నీరు పెట్టినప్పుడూ జె.జి. 11 కంటే ఎక్కువ దిగుబడి ఇచ్చాయి. అదే ఏడు శనగ జన్యుక్రమాన్ని కూడా ఈ బృందమే నాయకత్వం వహించిన అంతర్జాతీయ కూటమి ప్రకటించింది. అందులో 28 వేలకు పైగా జన్యువులు లెక్కతేలాయి. సంకరానికి జె.జి. 11నే ఎంచుకోవడంలో ఒక తెలివిడి ఉంది. రైతు ఇప్పటికే మెచ్చిన రకానికి లేని ఒక్క గుణం కలపడం, కొత్త రకాన్ని మొదటి నుంచి మెప్పించడం కంటే సులువు.

సీమలో, ప్రకాశంలో

1999–2000లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శనగ ఉత్పత్తి లక్ష టన్నులు కూడా లేదు; దిగుబడి హెక్టారుకు 583 కిలోలు. 2008–09 నాటికి ఉత్పత్తి దాదాపు 9 రెట్లయి 8.8 లక్షల టన్నులకు చేరింది. విస్తీర్ణం సుమారు 1.6 లక్షల హెక్టార్ల నుంచి 6 లక్షలు దాటింది. దిగుబడి 1,407 కిలోలు. వర్షాధార పప్పుధాన్యంలో పదేళ్ళలో ఇంత మార్పు ఈ దేశంలో అరుదు.

దీన్నంతా ఒక్క రకం ఖాతాలో వేయడం న్యాయం కాదు. ప్రకాశం జిల్లా మెట్టల్లో 2000లో పొగాకు పంట విరామం ప్రకటించినప్పుడు రైతులకు ప్రత్యామ్నాయం వెతుక్కోవలసి వచ్చింది. పురుగుమందుల ఖర్చుతో పత్తి అప్పటికే చాలామందిని ముంచింది. అదే సమయంలో చేతికి వచ్చిన జె.జి. 11కూ, దాని వెంటే వచ్చిన కాక్-2 అనే పెద్ద గింజ కాబూలీకీ కూలీలు తక్కువ పడతాయి, ఎరువు తక్కువ, నీరక్కర్లేదు. ట్రాక్టరు గొర్రుతో ఒక్కరోజులో చాలా ఎకరాలు విత్తొచ్చు. నల్లరేగడిలో పెద్ద కమతాలున్న వాళ్ళకూ, కౌలుకు తీసుకునే వాళ్ళకూ ఇది నచ్చింది. కోయిలకుంట్ల, ఆళ్ళగడ్డ, జమ్మలమడుగు, ఉరవకొండ, దర్శి చుట్టుపక్కల శనగ ముఖ్య పంటయింది. తెలంగాణలో నిజామాబాద్, కామారెడ్డి, ఆదిలాబాద్, జహీరాబాద్ వైపు, అలంపురం నల్లరేగడిలోనూ ఇది వేళ్ళూనుకుంది.

ధర కూడా పంటతో ఆడుకుంది. శీతల గిడ్డంగుల్లో బస్తాలు దాచి ధర వచ్చే దాకా ఆగే అలవాటు ప్రకాశంలో, కర్నూలులో బలపడింది. గిడ్డంగి రసీదు మీద అప్పు కూడా పుట్టేది. 2013 ప్రాంతంలో ధర కుప్పకూలినప్పుడు, ముఖ్యంగా కాబూలీ నిల్వలు ఏళ్ళ తరబడి గిడ్డంగుల్లో ఉండిపోయి, వడ్డీలు పెరిగి, రైతులు బాగా దెబ్బతిన్నారు. మొక్క రైతును నీటి కొరత దాటించగలదు గానీ మార్కెట్‌ను దాటించలేదు.

విత్తనం

శనగలో కొత్త రకం వ్యాపించడం ఎప్పుడూ నెమ్మదే. ఎకరం వరి విత్తనం వంద రెట్లయి తిరిగొస్తుంది. శనగ ఇరవై రెట్లు దాటదు. ఒక క్వింటాలు మూల విత్తనం మూడు రబీల తర్వాత, అన్నీ కలిసొస్తే, 8 వేల క్వింటాళ్ళవుతుంది. 6 లక్షల హెక్టార్లకు ఏటా కావలసింది 4 లక్షల క్వింటాళ్ళ దాకా. ప్రైవేటు కంపెనీలకు దీంట్లో ఆసక్తి లేదు. బరువు ఎక్కువ, రవాణా ఖర్చు ఎక్కువ, ఒకసారి కొన్న రైతు మళ్ళీ మూడు నాలుగేళ్ళు రాడు. అందువల్ల ఈ భారమంతా ప్రభుత్వ సంస్థల మీద పడింది. రాష్ట్ర విత్తనాభివృద్ధి సంస్థ, సికింద్రాబాదు ఉత్తర లాలాగూడలో ప్రాంతీయ కార్యాలయమున్న జాతీయ విత్తన సంస్థ, నంద్యాల వ్యవసాయ పరిశోధనా స్థానం కలిసి విత్తనోత్పత్తిని నడిపాయి. సబ్సిడీ విత్తనం కోసం అక్టోబరులో మండల కేంద్రాల్లో క్యూలు కట్టిన దృశ్యాలు ఆ దశాబ్దపు పత్రికల్లో ఏటా ఉండేవే. మిగతాది రైతు నుంచి రైతుకు వెళ్ళింది. పుచ్చు పురుగు పట్టకుండా విత్తనాన్ని కాపాడటానికి కూడా శీతల గిడ్డంగులే ఆదుకున్నాయి.

బలహీనతలు

రకం విడుదలై పాతికేళ్ళు దాటింది. ఎండు తెగులును ఇప్పటికీ బాగానే ఆపుతున్నా, వేరును పొడిగా కుళ్ళబెట్టే మరో శిలీంధ్రం ముందుకొచ్చింది. నేల ఎండి, ఎండ 30 డిగ్రీలు దాటినప్పుడు, అదీ మొక్క కాయ మీదున్నప్పుడు అది విజృంభిస్తుంది. పీకితే తల్లివేరు పక్కవేళ్ళు లేకుండా, నల్లబడి, పుల్లలా విరుగుతుంది. బెట్ట పెరిగే కొద్దీ ఈ తెగులూ పెరుగుతుంది కాబట్టి బెట్టను తట్టుకోవడం అన్న మాటలో దీన్నీ కలిపే చూడాలి. ట్రైకోడెర్మాతో విత్తనశుద్ధి, పంట మార్పిడి కొంత మేలు చేస్తాయి. వరసగా పదేళ్ళు శనగ తర్వాత శనగే వేసిన పొలాల్లో అవి సరిపోవడం లేదు.

పూత సమయంలో ఎండ 35 డిగ్రీలు దాటితే పుప్పొడి చచ్చి కాయ పట్టదు. ఆలస్యంగా విత్తిన జె.జి. 11 ఈ దెబ్బ తింటుంది. వేడిని ఓర్చుకునే జె.జి. 14 అనే రకం 2009లో ఇందుకే వచ్చింది. నీరు ఎక్కువైనా ఇబ్బందే. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచాంగ్ తుపాను వానకు ప్రకాశం, బాపట్ల జిల్లాల శనగ పొలాల్లో నీరు నిలిచి మొక్కలు చనిపోయాయి. పొట్టి కాలపు రకమే అయినా డిసెంబరు మధ్యలో మళ్ళీ విత్తితే పంట మార్చి ఎండల్లో పడుతుంది.

అన్నిటికంటే రైతును ఎక్కువగా ఇబ్బంది పెడుతున్నది కోత. పొట్టిగా, విచ్చుకుని పెరిగే ఈ మొక్కకు కాయలు నేలకు దగ్గరగా ఉంటాయి. యంత్రం కత్తి అందుకోలేదు. ఆకు రాలి, కాయలు గలగలమన్నాక, మంచు తడి ఆరకముందే, తెల్లవారుజామున కూలీలు చేత్తో పీకాలి. పొద్దెక్కితే ఆమ్లం ఎండి గరుకైన మొక్క చేతులు కోస్తుంది, కాయ రాలుతుంది. కూలి రేట్లు పెరిగాక ఈ ఖర్చు మోయలేనిదైంది. నంద్యాల పరిశోధనా స్థానం నిలువుగా, ఎత్తుగా పెరిగే ఎన్.బి.ఇ.జి. 47 రకాన్ని ధీర పేరుతో తెచ్చింది యంత్రపు కోత కోసమే. ఎన్.బి.ఇ.జి. 3, ఎన్.బి.ఇ.జి. 49 కూడా జె.జి. 11 స్థానంలోకి వస్తున్నాయి. అయితే పదేళ్ళ క్రితం కొత్త రకం వేసి మోసపోయినవాళ్ళు, విత్తనం దొరకనివాళ్ళు, పప్పు మిల్లు యజమాని పాత గింజకే అలవాటు పడ్డాడని తెలిసినవాళ్ళు ఇప్పటికీ జె.జి. 11నే అడుగుతున్నారు.

ఇతర ప్రాంతాలు

పొట్టి కాలపు శనగ మీద పటాన్‌చెరులో చేసిన పని మయన్మార్‌లోనూ ఫలించింది. మధ్య మయన్మార్ పొడి ప్రాంతంలో వరి కోశాక మిగిలే తేమ మీద యెజిన్ 3 పేరుతో పండేది మన శ్వేతే. బెట్ట గుణాలున్న జన్యు ముక్కను వేరే రకాల్లోకి పంపే పని కూడా దేశంలోనూ బయటా సాగింది. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థ పూసా 372లోకి దాన్ని తెచ్చి, పూసా చిక్‌పీ 10216 పేరుతో మధ్య భారతానికి ఇచ్చింది. ఇథియోపియాలో అదే తరహా కృషితో గెలెటు అనే రకం 2019లో విడుదలైంది. ఆ దేశంలోనూ శనగను నల్ల బంకమట్టిలో, వానలు తగ్గుముఖం పట్టాక విత్తుతారు. ఎత్తైన పీఠభూమి కాబట్టి రాత్రి చలి మనకంటే ఎక్కువ, పంట కాలం మరికొంత పొడుగు.